స్పైడర్ ఆర్‌టీకి కారు టైర్లు వేయించాక గాలి ఎంత పెట్టాలి?

ఫ్రిస్కో_స్పైడర్:

అందరికీ నమస్కారం. బండి 2014 క్యాన్-ఆమ్ స్పైడర్ ఆర్‌టీ, మూడు చక్రాల మోటార్‌సైకిల్. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. కంపెనీ టైర్లు (ముందు 165/55ఆర్15, వెనక 225/50ఆర్15) అరిగిపోతే వాటి బదులు కారు టైర్లు వేయించాను. ఇప్పుడు ముందు 175/55ఆర్15 77టీ, వెనక 205/60ఆర్15 91హెచ్ ఉన్నాయి.

బండి స్టిక్కర్ మీద ముందు 20, వెనక 28 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) అని ఉంది. టైర్ షాపులో మాత్రం కారు టైర్లే కదా అని మూడింటికీ 35 కొట్టి పంపారు. కొత్త టైర్ల సైడ్‌వాల్ (పక్క గోడ) మీద గరిష్ఠం 44 అని రాసుంది. 35తో కాంక్రీటు రోడ్డు మీద ప్రతి అతుకుకీ వెనక చక్రం ఎగురుతోంది, తడి రోడ్డు మీద సిగ్నల్ దగ్గర గ్యాస్ ఇస్తే జారుతోంది.

ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించాను. ఒక్కడినే కూర్చుంటే ముందు 720 పౌండ్లు, వెనక 520. ఇద్దరం కూర్చుని సామాను పెడితే ముందు 760, వెనక 660. ఆ స్కేలు 20 పౌండ్ల మెట్లలోనే చూపిస్తుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అనుకోండి.

స్టిక్కర్ లెక్క పట్టుకోవాలా, కారు లెక్కా? ఒక్కడికీ ఇద్దరికీ వేరే గాలి పెట్టాలా? పెట్టింది సరైందో కాదో బండి మీదే తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.


రబ్బరు_లెక్కలు:

తూకం వేయించి అడిగారు, సగం పని అయిపోయింది. ముందు ఆ 35లోంచి గాలి తీసేయండి. సైడ్‌వాల్ మీద ఉన్న 44 పెట్టాల్సిన గాలి కాదు, దాటకూడని హద్దు. స్టిక్కర్ మీది 28 కూడా మీ కొత్త టైరుకి చెప్పింది కాదు. కంపెనీ టైరు సైడ్‌వాల్ పలచన. బరువు మోయడంలో ఎక్కువ పని అక్కడ గాలే చేస్తుంది. కారు టైరు సైడ్‌వాల్ గట్టిది, తనంతట తానే కొంత బరువు నిలబెడుతుంది. అందుకే అదే బండికి, అదే బరువుకి తక్కువ గాలి సరిపోతుంది.

ఇక లెక్క. మీ వెనక టైరు మీది 91 లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుకి గుర్తు), అంటే 615 కిలోలు. ముందువాటి 77 అంటే 412 కిలోలు. యూరప్ లెక్కలో మామూలు కారు టైరు ఈ పూర్తి బరువు మోసేది 250 కిలోపాస్కల్ దగ్గర, అంటే 36 పీఎస్ఐ. గాలి తగ్గితే మోసే శక్తి కూడా తగ్గుతుంది. కానీ సరిసమానంగా తగ్గదు, గాలి నిష్పత్తికి 0.8 ఘాతం చొప్పున తగ్గుతుంది. తిప్పి రాస్తే, మీ బరువుని టైరు పూర్తి బరువుతో భాగించి, వచ్చిన దానికి 1.25 ఘాతం వేసి, 250తో గుణిస్తే కావలసిన కనీస గాలి కిలోపాస్కళ్లలో వస్తుంది. 6.9తో భాగిస్తే పీఎస్ఐ. ఫోన్ కాలిక్యులేటర్ అడ్డంగా తిప్పితే ఘాతం బటన్ కనిపిస్తుంది. అది కూడా వద్దనుకుంటే ఇవి గుర్తుంచుకోండి: టైరు శక్తిలో 40 శాతం బరువుకి 11.5 పీఎస్ఐ, 50 శాతానికి 15, 60 శాతానికి 19, 70 శాతానికి 23.

మీ వెనక 660 పౌండ్లంటే 299 కిలోలు. 615లో 49 శాతం. కనీసం 15 పీఎస్ఐ. ఒక్కరే ఉంటే 236 కిలోలు, 38 శాతం, కనీసం 11. ముందు ఒక్కో చక్రం మీద 172 కిలోలు, 412లో 42 శాతం, కనీసం 12.

ఈ కనీసాల దగ్గర బండి నడపమని కాదు. టైరు కుంగిపోకుండా బరువు నిలబెట్టే అంకె ఇది. కార్లకి కూడా తలుపు స్టిక్కర్ మీద ఉండే గాలి ఈ కనీసం కంటే బాగా పైనే ఉంటుంది. ఉదాహరణకి ఇదే 205/60ఆర్15 టైరు కారు కింద 400 కిలోలు మోస్తుంటే కనీసం 21 వస్తుంది, స్టిక్కర్ మీద 32 చూస్తాం. అంటే ఒకటిన్నర రెట్లు. అదే మార్జిన్ మీకూ వేస్తే వెనక ఒక్కరికి 17, ఇద్దరికి 22. ముందు 18.

నా సలహా: ముందు రెండూ 18 నుంచి 20. వెనక ఒక్కరే ఉన్నప్పుడు 18, ఇద్దరూ సామానూ ఉంటే 21 లేదా 22. రోజూ మార్చడం ఇష్టం లేకపోతే వెనక 20 పెట్టి వదిలేయండి, రెండింటికీ పనికొస్తుంది. 16 కిందికి మాత్రం ఎప్పుడూ దిగవద్దు. అక్కడ బరువు సమస్య కాదు. మలుపులో పక్కకి లాగినప్పుడు బీడ్ (రిమ్‌లో బిగుసుకుని కూర్చునే టైరు అంచు) రిమ్ అంచు నుంచి జరిగే ప్రమాదం ఉంటుంది.

20 పీఎస్ఐ అంటే భయపడే వాళ్లకి ఒక విషయం. అమెరికా ఫెడరల్ టైరు ప్రమాణం ఎఫ్ఎమ్‌వీఎస్ఎస్ 139లో తక్కువ గాలి పరీక్ష ఒకటుంది. మామూలు టైరుని 140 కిలోపాస్కల్, అంటే 20 పీఎస్ఐ దగ్గర, పూర్తి బరువుతో, గంటకి 120 కిలోమీటర్ల వేగంతో గంటన్నర తిప్పుతారు. అంతకుముందే ఓర్పు పరీక్షలో నలిగిన టైరునే మళ్లీ ఇందులో తిప్పుతారు. మీ బండి దాని మీద పెట్టేది అందులో సగం కూడా కాదు.


గేజ్‌మాస్టర్:

పైన చెప్పిన లెక్క సరైందే. కాకపోతే ఆ లెక్క అంతా గేజ్ మీద ఆధారపడి ఉంది. 60 వరకు చూపించే గేజ్‌కి 3 శాతం తప్పు అంటే పూర్తి స్కేలులో 3 శాతం, దాదాపు 2 పీఎస్ఐ. 35 దగ్గర ఆ తేడా పెద్దగా తెలియదు. 18 దగ్గర 2 పీఎస్ఐ అంటే పదకొండు శాతం. పెన్సిల్ గేజ్, పెట్రోల్ బంకు గొట్టానికి వేలాడే గేజ్ రెండూ పక్కన పెట్టి 0 నుంచి 30 వరకే ఉండే డయల్ గేజ్ ఒకటి కొనండి. ఎప్పుడూ అదే వాడండి. నిజమైన అంకె కంటే ప్రతిసారీ ఒకేలా చూపించడం ముఖ్యం.

ఎప్పుడు చూడాలి అంటే, బండి కనీసం మూడు గంటలు నీడలో నిలిచాక, పొద్దున్నే. టెక్సస్‌లో ఒక పక్క ఎండ తగిలితే ఆ వైపు టైరు ఒకటి ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది, మీరు దాన్ని చూసి గాలి తీసేస్తే రాత్రికి ఆ వైపు తక్కువ అవుతుంది. వేడిగా ఉన్నప్పుడు గాలి తీయనే కూడదు.

ఇక మీరు అడిగిన ‘తేల్చుకునే పద్ధతి’. రెండున్నాయి, రెండూ చేయండి.

ఒకటి సుద్దముక్క. టైరు అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, రెండంగుళాల మందాన సుద్దతో గీయండి. మూడు నాలుగు చోట్ల గీస్తే మంచిది. పొడిగా, చదునుగా ఉన్న పార్కింగ్ స్థలంలో తిన్నగా వందగజాలు మెల్లగా పోనిచ్చి ఆపండి. మలుపు తిప్పితే అంచుల సుద్ద కూడా పోయి లెక్క తప్పుతుంది. సుద్ద అడ్డంగా అంతా ఒకేలా చెరిగితే గాలి సరిపోయింది. మధ్యలో మాత్రమే పోయి రెండు అంచుల్లో తెల్లగా మిగిలితే గాలి ఎక్కువ. అంచులు పోయి మధ్యలో మిగిలితే తక్కువ. కారు టైరు మధ్య భాగం కొంచెం ఉబ్బుగా ఉంటుంది కాబట్టి అంచుకి అరంగుళం తెలుపు మిగిలినా పర్వాలేదు. మీరు మోసే అసలు బరువుతోనే చేయాలి, ఖాళీ బండిని తోసి చూస్తే ఉపయోగం లేదు.

రెండోది చల్లటి గాలికీ వేడి గాలికీ తేడా. కార్ల వాళ్లు చెప్పే ‘4 పీఎస్ఐ పెరగాలి’ అన్న సూత్రాన్ని యథాతథంగా ఇక్కడ వాడకండి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. టైరులో గాలి పెరిగేది వేడివల్ల. ఎంత పెరుగుతుందనేది గేజ్ అంకె మీద కాదు, దానికి బయటి వాతావరణ పీడనం 14.7 కలిపిన మొత్తం మీద ఆధారపడి ఉంటుంది. 32 పెట్టిన కారు టైరులో ఆ మొత్తం 47 చిల్లర. 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 45 డిగ్రీలకి వేడెక్కితే 4 పెరుగుతుంది. మీ 18లో మొత్తం 33 కూడా లేదు. అదే 25 డిగ్రీల వేడికి 2.8 మాత్రమే పెరుగుతుంది. 18 దగ్గర 4 పెరిగే దాకా గాలి తగ్గించుకుంటూ పోతే టైరుని కావాలని ఉడికిస్తున్నట్టే.

కాబట్టి మీ లక్ష్యం 18-20 దగ్గర 2.5 నుంచి 3 పెరగడం. హైవే మీద 60-65 మైళ్ల వేగంతో అరగంట నడిపి, ఆగిన రెండు నిమిషాల్లోపు చూడండి. 4 దాటి పెరిగితే టైరు ఎక్కువగా వంగి వేడెక్కుతోంది, చల్లగా ఉన్నప్పుడు 2 పెంచండి. 1.5 కూడా పెరగకపోతే గాలి ఎక్కువ, 2 తగ్గించండి. గేజ్ పెట్టిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది, కాబట్టి పదేపదే చూడొద్దు.


మూడుచక్రాలబండి:

వెనక టైరు గురించి బాగా చెప్పారు. ముందు టైర్లకి 18 అన్నప్పుడు ఒకటి గుర్తు చేయాలి.

స్పైడర్ పక్కకి వాలదు. మలుపులో బయటివైపు పొర్లే బలాన్నంతా ఎవరో ఒకరు ఆపాలి. వెనక ఉన్నది ఒక్క చక్రం, అది పొర్లుడుని ఆపలేదు. ఆపేది ముందు రెండే. అంటే బండి మొత్తం బరువు వల్ల వచ్చే పొర్లుడంతా ముందు జతలో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారుతుంది. సుమారుగా వేసి చూడండి. మొత్తం 644 కిలోలు, గురుత్వ కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం, ముందు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. 0.5 జీ మలుపులో, అంటే పక్కకి లాగే బలం బరువులో సగం ఉన్నప్పుడు, 644 × 0.5 × 0.55 ÷ 1.4, అంటే 126 కిలోలు మారతాయి. 172 మోసే బయటి చక్రం 298 మోస్తుంది, లోపలిది 46కి పడిపోతుంది.

మలుపులో బరువు క్షణకాలమే కాబట్టి దానికి లోడ్ పట్టిక వేసి 24 పెట్టాల్సిన పని లేదు. కానీ స్టీరింగ్ ఎలా ఉంటుందన్నది ఈ 298 దగ్గరే తేలుతుంది. ముందు 16 పెడితే రాంప్ మీద తిరిగేటప్పుడు హ్యాండిల్ తిప్పాక బండి ఒక క్షణం ఆగి తిరుగుతుంది. సైడ్‌వాల్ ముందు పక్కకి ఒరిగి, తర్వాత పట్టు దొరుకుతుంది. ఆ ఆలస్యం తెలిస్తే 1 పెంచండి, మళ్లీ అదే రాంప్ మీద చూడండి. 175/55 టైరుకి 19 లేదా 20 దగ్గర ఇది పోతుంది. 22 దాటితే రోడ్డు మీది ప్రతి గీతకీ హ్యాండిల్ అటూ ఇటూ వణుకుతుంది.

అలాగే ముందు రెండింటి మధ్య తేడా 0.5 పీఎస్ఐకి మించకూడదు. స్పైడర్ స్టెబిలిటీ సిస్టమ్ చక్రాల వేగాలని పోల్చుకుంటూ ఉంటుంది. ఒక పక్క గాలి తక్కువైతే ఆ చక్రం తిరిగే వ్యాసార్థం తగ్గుతుంది, బండి ఆ వైపు లాగుతుంది. మీ సైజుల్లో ఇంకో విషయం ఉంది: పాత వెనక టైరు వ్యాసం 606 మిల్లీమీటర్లు, కొత్తది 627. అంటే 3.5 శాతం పెద్దది. ముందు టైరు పెరిగింది 562.5 నుంచి 573.5కి, 2 శాతం. తేడా ఒకటిన్నర శాతం లోపే ఉంది కాబట్టి సిస్టమ్ సాధారణంగా ఊరుకుంటుంది. కానీ తిన్నటి రోడ్డు మీద అది కారణం లేకుండా బ్రేకు పట్టినట్టు అనిపిస్తే గాలి కాదు, సైజు అనుమానించాలి. 205/55ఆర్15 వేసి ఉంటే వ్యాసం పాతదానితో సరిగ్గా కలిసేది. ఇప్పుడున్న 627తో వెనక ఫెండర్‌కీ టైరుకీ మధ్య వేలు పట్టే సందు ఉందో లేదో ఇద్దరూ కూర్చున్నప్పుడు చూసుకోండి.

రిమ్ మీద పోత పోసి ఉన్న వెడల్పు కూడా ఒకసారి చదవండి. 175/55కి 5 నుంచి 6 అంగుళాలు, 205/60కి 5.5 నుంచి 7.5 అంగుళాలు ఉండాలి. వెడల్పు రిమ్ మీద టైరు అంచులు బయటికి సాగి కూర్చుంటాయి. అప్పుడు మధ్య భాగం చదునుగా ఉంటుంది, సుద్ద పరీక్షలో గాలి తక్కువైనట్టు కనిపిస్తుంది.


వానరోడ్డు:

వెనక 18కి దించమనడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. వానలో టైరు నీటి మీద తేలే వేగం గాలి మీద ఆధారపడుతుంది. నాసా వాళ్లు 1963లో ప్రచురించిన సూత్రం ఇది: గాలి పీఎస్ఐకి వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే మైళ్లలో వేగం వస్తుంది. 28కి 55 మైళ్లు. 18కి 44. పదకొండు మైళ్ల తేడా. స్పైడర్‌లో వెనక ఒక్కటే నడిపే చక్రం, ముందు రెండూ నీళ్లలో చెరో దారి చేసుకుంటూ పోతే వెనకది ఆ రెండు దార్లకీ మధ్య, ఎవరూ తొక్కని నీళ్లలోకి పోతుంది. కారులో వెనక టైరుకి ముందు టైరు నీళ్లు తోసి దారి చేసి పెడుతుంది. మనకి ఆ సాయం లేదు. కాబట్టి సుఖంగా ఉందని వెనక గాలి దించడం సరికాదు.


రబ్బరు_లెక్కలు:

వెనక చక్రానికి ఎవరూ దారి చేయరన్న మాట అక్షరాలా నిజం, అందరూ గుర్తుంచుకోవాలి. కానీ ఆ సూత్రం విమానాల టైర్ల నుంచి వచ్చింది. నేలమీద వాటి అచ్చు పొడవుగా, సన్నగా ఉంటుంది. తర్వాత అదే నాసా ఇంజనీర్లు లారీల మీద చూసినప్పుడు ఆ సూత్రం సరిపోలేదు. ఖాళీ లారీ టైరులో గాలి ఎంత ఎక్కువున్నా మామూలు హైవే వేగానికే తేలిపోయేది. కారణం అచ్చు ఆకారం. బరువు లేని టైరు అచ్చు వెడల్పుగా, పొట్టిగా అయిపోతుంది. నీళ్లు పక్కలకి పోవడానికి సమయం చాలదు. అచ్చు వెడల్పుని పొడవుతో భాగించిన అంకె పెరిగేకొద్దీ తేలే వేగం పడిపోతుంది.

ఒక్కరే నడిపే స్పైడర్ వెనక చక్రం సరిగ్గా ఖాళీ లారీ చక్రం లాంటిదే. వెడల్పైన టైరు, మీద 520 పౌండ్లు. అంచనాగా 520ని 28తో భాగిస్తే అచ్చు విస్తీర్ణం 18.6 చదరపు అంగుళాలు. 6 అంగుళాల వెడల్పు మీద పొడవు 3 అంగుళాలు. 18 పెడితే 29 చదరపు అంగుళాలు, పొడవు 4.8. సైడ్‌వాల్ మోసే భాగం వదిలేశాను కాబట్టి అసలు అంకెలు ఇంకా తక్కువ ఉంటాయి, కానీ పోలిక మారదు. గాలి తగ్గినందుకు కొంత పోతుంది, అచ్చు పొడవైనందుకు కొంత వస్తుంది. అందుకే 225 నుంచి 205కి సన్నబడటం ఈ బండికి వానలో మంచి చేస్తుంది. గాలితో చేసే సర్దుబాటు కంటే అది పెద్ద లాభం.

మీ అభ్యంతరంలో నేను ఒప్పుకునేది ఇది: మరీ కిందికి దిగితే మధ్య భాగం లోపలికి వంగి కింద నీళ్లు పట్టేసుకుంటుంది, అప్పుడు రెండు వైపులా నష్టమే. 16 హద్దుకి ఇదీ ఒక కారణం. వానాకాలంలో ఒక్కరే నడిపేవాళ్లు వెనక 20 పెట్టుకున్నా నాకు ఇబ్బంది లేదు. ట్రెడ్ (టైరు గాడుల) లోతు మాత్రం 4/32 అంగుళానికి రాగానే వెనక టైరు మార్చేయండి. చట్టం చెప్పే 2/32 దాకా ఆగొద్దు. ఫ్రిస్కో గారికి తడి రోడ్డు మీద జారుతోంది అన్నారు కదా, అది 35 వల్ల. కొత్త టైరు పైనుండే జారుడు పూత పోయే దాకా, మొదటి వంద మైళ్లు, తడిలో నెమ్మది.


డెన్వర్_గోల్డ్‌వింగ్:

అన్నలూ, నాది గోల్డ్‌వింగ్ ట్రైక్ (కన్వర్షన్ కిట్‌తో మూడు చక్రాలకి మార్చిన మోటార్‌సైకిల్), వెనక రెండు కారు టైర్లు 205/65ఆర్15. ఈ లెక్క దీనికీ వర్తిస్తుందా? ఇంకోటి, టీపీఎమ్ఎస్ (టైరులో సెన్సర్ పెట్టి గాలి చూపించే మీటరు) 17.5 చూపిస్తుంటే చేతి గేజ్ 20 చూపిస్తోంది. ఏది నమ్మాలి?


మూడుచక్రాలబండి:

లోడ్ లెక్క అదే, కానీ పొర్లుడు తిరగబడుతుంది. మీది ముందు ఒకటి, వెనక రెండు. పొర్లుడంతా ఆపేది వెనక జత. ముందు చక్రం మోటార్‌సైకిల్ టైరు, దాని గాలి ముట్టుకోవద్దు, టైరు కంపెనీ చెప్పిందే పెట్టండి. వెనక ఒక్కో టైరు మీద పడే బరువు స్పైడర్ వెనక చక్రం కంటే తక్కువ ఉండొచ్చు, ఎందుకంటే రెండు పంచుకుంటాయి. లెక్క వేస్తే 8, 9 లాంటి అంకెలు వస్తాయి. దాన్ని చూసి గాలి దించకూడదు, మలుపులో బయటి టైరు జత బరువులో చాలా భాగం మోస్తుంది. కిట్ కంపెనీ స్టిక్కర్ మీద ఉన్నదే మొదలు. పోలికకి, హార్లీ ట్రై గ్లైడ్ వెనక ఇదే కొలత పీ205/65ఆర్15, వాళ్లు చెప్పేది 26. అక్కడి నుంచి సుద్ద పరీక్ష చేసుకుంటూ ఒక్కొక్కటిగా దిగండి. 20 దగ్గర ఆగడం మంచిది. రెండు వెనక టైర్లూ ఒకే అంకె, అదీ 0.5 లోపు. మీ కిట్‌లో వెనక ఇరుసు ఒకే కడ్డీనా, చక్రానికో సస్పెన్షనా అన్నది కూడా చూడండి. ఒకే కడ్డీ అయితే ఒక చక్రం గుంటలో పడితే రెండోది కూడా తోస్తుంది. అక్కడ 2 పీఎస్ఐ తగ్గింపు నడుముకి బాగా తెలుస్తుంది.

మన ఊళ్లలో ఆటో కూడా ఇదే ఆకారం కదా అని అక్కడి గాలి లెక్క ఇక్కడికి తేవద్దు. వాటికి 4.00-8 టైర్లు, ట్యూబులు, బయాస్ ప్లై అల్లిక. పైన చెప్పిన లోడ్ లెక్క రేడియల్ కారు టైర్లది.


గేజ్‌మాస్టర్:

డెన్వర్ గారూ, చేతి గేజ్ నమ్మండి. టైరు లోపల ఉండే సెన్సర్లలో కొన్ని మొత్తం పీడనం కొలిచి అందులోంచి సముద్రమట్టం దగ్గరి 14.7 తీసేసి చూపిస్తాయి. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తు. అక్కడ వాతావరణ పీడనం 12.2. ఆ 2.5 తేడాయే మీకు కనిపిస్తోంది, మీ సెన్సర్ పాడవలేదు. దాని ప్రకారం గాలి కొడితే 22.5 అవుతుంది. ఇదే కారణం వల్ల డల్లాస్‌లో 18 పెట్టి కొలరాడో కొండలెక్కితే అక్కడి చేతి గేజ్ 20 చూపిస్తుంది. మళ్లీ దిగిపోయేవాళ్లయితే తీయొద్దు. వారం అక్కడే ఉండేవాళ్లయితే పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు సరిచేసుకోండి.

వాతావరణం మారితే కూడా అంతే. కార్లకి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి 1 పీఎస్ఐ అంటారు. 18 దగ్గర అది 0.6. అక్టోబరులో 80 నుంచి జనవరిలో 30కి పడితే 3 పోయినట్టే, 18 కాస్తా 15 అవుతుంది. శీతాకాలంలో రెండు వారాలకోసారి చూడాలి. అలారం 18కి 15 దగ్గర పెట్టుకోండి. కొన్ని టీపీఎమ్ఎస్ యూనిట్లలో అలారం అంత కిందికి దిగదు, కొనేముందు అది అడగండి.


ఫ్రిస్కో_స్పైడర్:

అందరికీ ధన్యవాదాలు. 0-30 డయల్ గేజ్ తెచ్చి, ముందు 20, వెనక 18 పెట్టి ఒక్కడినే చూశాను. అరగంట హైవే తర్వాత వెనక 20.9, ముందు కుడి 22.7, ముందు ఎడమ 23.6. సుద్ద వెనక చక్కగా చెరిగింది, అంచుల్లో వేలెడు తెలుపు. ముందు కుడి కూడా బాగుంది. ఎడమ టైరుకి మాత్రం లోపలి అంచున సుద్ద పూర్తిగా పోయి, బయటి అంచున అలాగే ఉంది. ఎడమ ఒక్కదానికీ గాలి పెంచాలా?


మూడుచక్రాలబండి:

పెంచొద్దు. గాలి తప్పితే రెండు అంచులూ ఒకేలా మాట్లాడతాయి. ఒకే అంచు పోయిందంటే అది చాలావరకు టో. చక్రం తిన్నగా కాకుండా కొద్దిగా పక్కకి చూస్తూ ఈడ్చుకుపోతోంది. ఆ టైరు ఒక్కటే 3.6 పెరిగింది కదా, అదీ ఆ రాపిడే. గాలి పెంచితే గుర్తు చెదిరిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. పైగా ముందు రెండింటికీ తేడా వచ్చి బండి కుడికి లాగడం మొదలవుతుంది.

ముందు కుడి ఎడమ చక్రాలు రెండూ ఒకసారి జాకీ మీద లేపి, చేత్తో పైనా కిందా, పక్కలా పట్టి ఊపండి. టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) చివర ఆట, అంటే వదులు, ఉంటే అది ముందు మార్చాలి, లేకపోతే అలైన్‌మెంట్ చేయించినా నిలవదు. ఆట లేకపోతే స్పైడర్‌కి లేజర్ అలైన్‌మెంట్ చేసే డీలర్ దగ్గరికి తీసుకెళ్లండి. మామూలు కారు అలైన్‌మెంట్ యంత్రం నాలుగు చక్రాలు ఉన్నాయనుకుని లెక్క వేస్తుంది, వెనక ఒక్క చక్రాన్ని ఆధారంగా తీసుకోలేదు. చేయించే రోజు టైర్లలో గాలి 20, 20, 18 చల్లగా పెట్టి, మీ బరువంత మనిషి సీటు మీద ఉండాలని చెప్పండి. ఖాళీ బండికి సరిచేసిన టో మీరు కూర్చోగానే మారుతుంది.

తర్వాత ట్రెడ్ లోతు గేజ్‌తో ముందు టైర్ల మూడు గాడుల్లోనూ, లోపలి అంచు, మధ్య, బయటి అంచు, కొలిచి రాసిపెట్టుకోండి. వెయ్యి మైళ్ల తర్వాత మళ్లీ కొలవండి. మూడు చోట్లా 1/32 లోపు తేడాతో అరిగితే 20 సరే. రెండు అంచులూ మధ్య కంటే ఎక్కువ అరిగితే అప్పుడు 1 పెంచండి.


ఫ్రిస్కో_స్పైడర్:

సరే అన్నా. జాకీ ఎక్కించి చూశాను, ఎడమ టై రాడ్ బయటి చివర ఆట ఉంది. భాగం ఆర్డర్ పెట్టాను. అది మార్చి అలైన్‌మెంట్ అయ్యాక, ఇద్దరం కూర్చుని వెనక 22తో వేడి అంకెలు కూడా ఇక్కడే పెడతాను.


గేజ్‌మాస్టర్:

22కి చల్లటి మొత్తం 36.7. 3 నుంచి 3.5 దాకా పెరిగితే మంచిది. 25.5 దాటి చూపిస్తే ముందు సామాను తూకం చూడండి, తర్వాతే గాలి ముట్టుకోండి.